టెంటు అద్దెకు తీసుకునేవాళ్లు ఇది చదివి వెళ్లండి, మేం మునిగాం

"క్యాంపింగ్ అంటే రిసార్ట్ కాదు మేడమ్. అలవాటు లేనివాళ్లు హోటల్లో దిగాలి."

ఈ మాట ఇవాళ పొద్దున పదకొండింటికి నా మొహం మీద అన్నాడు. ఇప్పుడు సాయంత్రం. బ్యాగులు ఇంకా గుమ్మం దగ్గరే పడున్నాయి, విప్పబుద్ధి కావట్లేదు. ముందు ఇది రాసేసి అప్పుడు లేస్తాను.

పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు, స్టవ్‌లు అద్దెకిస్తాడే, ప్రతి ఫోటోలోనూ టెంటు జిప్ తీసుండి అందులోంచి రెండు పాదాలు, పాదాల వెనక సూర్యోదయం. ఆఁ, వాడే. మీలో సగంమంది ఆ ఫోటోలు సేవ్ చేసుకునే ఉంటారు. నేనూ చేసుకున్నాను, అందుకే పట్టింది ఈ గతి.

నేనూ నా ఫ్రెండూ కాలేజీ రోజుల నుంచీ అనుకుంటున్న ట్రిప్పు. కారులో కొంత దూరం, కారు ఆపేసి బ్యాక్‌ప్యాక్‌లు తగిలించుకుని కొంత దూరం, మూడు రాత్రులు బయటే పడక. ఇద్దరికీ ఒకేసారి లీవు దొరకడానికి రెండేళ్లు పట్టింది. సొంత సామాను కొనేంత లేదు, అద్దెకు తీసుకుందాం అన్నది నా ఐడియానే. ఎక్కడ తీసుకోవాలో చెప్పిందీ నేనే. రివ్యూలన్నీ చదివింది కూడా నేనే, అందుకే ఇవాళ ఎవరినీ తిట్టుకునే వీలు లేదు.

సామాను తీసుకునే రోజు టెంటు సంచి తాడు వదులు చేయగానే గుప్పున ఒక వాసన కొట్టింది. పుల్లటి వాసన. తడి సాక్సులు మూడు రోజులు బకెట్‌లో మరిచిపోతే వస్తుందే, దానికి కాస్త వాంతి కలిపితే ఎలా ఉంటుందో అలా. "ఏంటండీ ఈ వాసన?" అన్నాను.

"వాటర్‌ప్రూఫ్ కోటింగ్ మేడమ్. కొత్త చెప్పులు వాసన రావా?"

నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాను చూడండి, అదీ నా తెలివి.

నా ఫ్రెండ్ అప్పుడే అంది, "ఇక్కడే ఒకసారి వేసి చూద్దామే, పావుగంట పని" అని. "వద్దులేవే, చీకటి పడేలోపు చేరాలి" అన్నాను. ఆ పావుగంట మిగుల్చుకుని దారిలో పదిహేను సెల్ఫీలు దిగాను. టెంటు లోపలి ఫోటో మాత్రం ఒక్కటీ తీయలేదు.

మొదటి రాత్రి కారు పక్కనే టెంటు వేశాం. వాన లేదు, గాలి లేదు. అంతా బాగానే ఉంది అనుకున్నాం. పొద్దున లేచి చూస్తే నా నల్ల ట్రాక్ ప్యాంటు మోకాళ్ల మీద తెల్లటి పొట్టు, భుజాల మీద చుండ్రు రాలినట్టు. ఫ్లోరు మీద చెయ్యి పెడితే జిగురుగా అంటుకుంటోంది. నా ఫ్రెండ్ నవ్వు ఆపుకోలేక వీడియో తీసింది. "దీనికి చుండ్రు పట్టిందే, షాంపూ పెట్టాలి" అని దాని గొంతు కూడా వినిపిస్తుంది అందులో. ఈ వీడియో సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండో రోజు కారు కింద వదిలేసి మూడు గంటలు ఎక్కాం. ఇక్కడ ఇంకో తెలివితక్కువ పని నాది. ఫోన్‌లో కింద ఊరి వాతావరణం చూసుకుని బయల్దేరాను. 1000 మీటర్లు ఎక్కితే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుందని స్కూల్లో చదువుకున్నదే, ఆ టైమ్‌కి గుర్తుకు రావాలిగా. పైన నా ఫ్రెండ్ బ్యాగుకి వేలాడుతున్న బుల్లి థర్మామీటర్ రాత్రికి 4 చూపించింది.

పదకొండు దాటాక వాన మొదలైంది. కుండపోత కూడా కాదు, మామూలు వాన. టెంటు మీద చీటీ 3000 మి.మీ. అంటోంది. అంటే అంత ఎత్తున నీళ్లు నిలబెట్టినా బట్టలోంచి దిగకూడదు. ఇక్కడ అరగంటకే మొహం మీద సన్నటి తుంపర. ముందు మా ఊపిరి ఆవిరే పైన చేరి కారుతోందనుకున్నాం, టెంట్లలో అది మామూలేగా. టార్చి వేసి చూస్తే పై బట్ట కుట్ల మీద అతికించిన టేపు చర్మం లేచినట్టు లేచి వేలాడుతోంది. కుట్టు పొడుగునా సూది బెజ్జాల్లోంచి చుక్క తర్వాత చుక్క. కింద ఇంకా అన్యాయం. ఎక్కడ మోకాలు ఆనించి బరువు వేస్తే అక్కడ నీళ్లు పైకి ఊరుతున్నాయి, తడి స్పాంజి నొక్కినట్టు.

స్లీపింగ్ బ్యాగులు తడిశాయి. లోపల పక్షి ఈకలవి, తడిస్తే ముద్దలు కట్టేస్తాయి, ఇక వెచ్చదనం ఎక్కడిది. తడవకముందు మాత్రం ఏం వెచ్చగా ఉందని! సంచి మీద వాడు అంటించిన స్టిక్కర్ "మైనస్ 8 వరకు ఓకే" అంటుంది. ఆ చలిలో టార్చి వెలుతురులో లోపలి అసలు లేబుల్ చదివాను. కంఫర్ట్ 9, లిమిట్ 5, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 8. ఈ మూడు అంకెలూ యూరప్ ప్రమాణం ప్రకారం వేసేవి. కంఫర్ట్ అంటే మామూలు ఆడమనిషి ఒళ్లు చాపుకుని హాయిగా పడుకోగల చలి. లిమిట్ అంటే మామూలు మగమనిషి ముడుచుకుని ఎలాగోలా రాత్రి గడపగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆడమనిషి ఆరు గంటలపాటు చలికి చచ్చిపోకుండా ఉండగలిగేది, వేళ్లు మంచుకాటుకి పోవచ్చు గాక. చావకుండా ఉండే అంకెని పడుకునే అంకెగా స్టిక్కర్ కొట్టించాడు మహానుభావుడు!

స్టవ్ వెలిగించి నీళ్లైనా కాచుకుందామంటే మంట కొవ్వొత్తికన్నా కనాకష్టంగా ఉంది. వాడిచ్చింది ఉత్త బ్యూటేన్ డబ్బా. బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర మరుగుతుంది, చలి ఆ దరిదాపులకి వచ్చేసరికి ఆవిరి పైకి లేవదు. పైగా గ్యాస్ వాడేకొద్దీ డబ్బా తనంతట తానే ఇంకా చల్లబడుతుంది. చలిచోట్లకి ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసినది ఇవ్వాలి. ఎక్కడికి వెళ్తున్నామో వాడికి చెప్పే తీసుకున్నాం.

రాత్రి రెండింటికి నా ఫ్రెండ్ పళ్లు టకటకలాడుతూ "స్టవ్ లోపలికి తెచ్చుకుందామే, జిప్ వేసుకుని" అంది. ఆ ట్రిప్పు మొత్తంలో నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, వద్దనడం. మూసిన టెంటులో మంట పెడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రొస్తున్నట్టే ఉంటుంది. అది మాత్రం ఎక్కడో చదివింది గుర్తుంది నాకు. ఇద్దరం బ్యాక్‌ప్యాక్‌లు ఖాళీ చేసి, కాళ్లు వాటిలో దూర్చి, ఉన్న ఒక్క రెయిన్‌కోటు ఇద్దరి భుజాల మీదా కప్పుకుని తెల్లారేదాకా కూర్చున్నాం. పాటలు పాడింది అది. పాడకపోతే నిద్రపోతానేమోనని భయం.

తెల్లారగానే అన్నీ కుక్కుకుని కిందకి దిగి కారులో పడ్డాం. మూడో రాత్రి లేదు, ట్రిప్పు లేదు. రోజంతా కారు నడిపి రాత్రికి ఇల్లు చేరి, ఇవాళ పొద్దున్నే సామాను పట్టుకెళ్లాను. ఫ్రెండ్‌కి జ్వరం, రాలేదు. అది వచ్చుంటే కథ వేరేలా ఉండేది, దాని నోరు మీకు తెలీదు.

ఇప్పుడు అసలు విషయం.

నేను వాసన గురించీ వాన గురించీ మొదలుపెట్టేలోపే టెంటు సంచిలోంచి లాగి ఫ్లోరు పరిచాడు. బొటనవేలి గోరుతో దాని మీద ఒక గీత గీశాడు. వేలెడు పొడుగు పొర పల్చగా లేచొచ్చింది, ఉల్లిపొర మాదిరి. దాన్ని వేలి కొసకి అంటించుకుని నా కళ్ల ముందు పెట్టాడు.

"ఏంటిది మేడమ్?"

నేను అడగాల్సిన ప్రశ్న వాడు అడిగాడు!

"తడి టెంటు మడిచి తెచ్చారు. కోటింగ్ మొత్తం పోయింది. ఇది ఇక పనికిరాదు. డిపాజిట్ రాదు."

"నిన్న పొద్దున మడిచాం, ఇవాళ తెచ్చాం. ఒక్క రోజులో పోతుందా?"

"ఒక్క రాత్రి చాలు. మీకు తెలీదు."

మీకు తెలీదు. నిజమే, అప్పటికి నాకు తెలీదు. ఆ ధీమా చూసి, నిజంగా మేమే పాడుచేశామేమో, కారు డిక్కీలో వేడికి ఏమైనా అయిందేమో అని ఒక్క నిమిషం నోరు పడిపోయింది నాకు. ఆ ఒక్క నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. నెమ్మదిగా "సారీ" కూడా అన్నట్టున్నాను. అన్నాను. అనలేదని అబద్ధమెందుకు.

తర్వాత వాసన మాటెత్తితే అప్పుడు వదిలాడు ఆ రిసార్ట్ డైలాగు. నా వెనక సామాను కోసం నిలబడ్డ ఒక జంట కిసుక్కున నవ్వారు కూడా. నవ్వండమ్మా, మీ వంతూ వస్తుంది.

ఇంటికొచ్చి చదివాను. టెంటు బట్ట లోపలివైపు పూసేది పాలీయురెథేన్. తేమ తగిలి అది మెల్లగా విరిగిపోతుంది, తడిగా మడిచి వేడిగా ఉండే చోట దాస్తే ఇంకా తొందరగా. ముందు జిగురు పడుతుంది, ఆ పుల్లటి కంపు వస్తుంది, ఆ తర్వాత పొట్టు రాలుతుంది. ఇది ఒక్క రాత్రి పని కాదు, నెలలూ ఏళ్లూ పడుతుంది. అంటే ఆ టెంటుని తడిదే మడిచి పెట్టిన చెయ్యి మాది కాదు, ఎన్ని ట్రిప్పుల ముందు ఎవరిదో, లేకపోతే వాడిదే. "కొత్త కోటింగ్ వాసన" అన్నది చచ్చిన కోటింగ్ వాసన. సామాను ఇచ్చేటప్పుడు ఆ కంపు వాడి ముక్కుకి తెలీదా? టెంట్ల మధ్యే బతికే మనిషి!

చుండ్రు వీడియో పంపాను వాడికి. వాన పడకముందు తీసింది, తేదీ, టైము అన్నీ కనిపిస్తున్నాయి. చూశాడు. రెండు నిమిషాలకి వాడి ఫోటో మాయం. బ్లాక్ చేశాడు. పాదాలూ సూర్యోదయమూ ఇక నాకు కనిపించవు, అదొక్కటే లాభం.

డిపాజిట్ గురించి, డబ్బు ఏ దారిలో కట్టానో ఆ దారిలోనే కంప్లైంట్ పెట్టాను, వస్తుందన్న ఆశ పెద్దగా లేదు. రసీదు మీద "సామాను మంచి కండిషన్‌లో ముట్టింది" అని సంతకం పెట్టింది ఎవరనుకుంటున్నారు? నేనే. టెంటు విప్పకుండానే.

తీసుకునేవాళ్లకి రెండు ముక్కలు. వాడి ముందే టెంటు పూర్తిగా వేయించండి, లోపలికి దూరి అరచేత్తో ఫ్లోరు రుద్దండి, కుట్ల మీద టేపు వేలితో లాగి చూడండి, ముక్కుని నమ్మండి, అన్నిటికీ వీడియో తీయండి. స్లీపింగ్ బ్యాగ్ మీద స్టిక్కర్ కాదు, లోపల కుట్టిన లేబుల్ చదవండి, అందులో కంఫర్ట్ అంకె ఒక్కటే మీది. సంతకం అన్నిటికన్నా చివర.

ఇంకొక్కటి. దీనికోసమే నిజానికి ఇంత రాశాను. నేను తలుపు దాకా వచ్చి ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. ఇక పనికిరాదన్న టెంటుని వాడు చుట్టేసి, అదే సంచిలో కుక్కి, అదే అరలో మిగతావాటి పక్కన పెడుతున్నాడు. ఆరబెట్టనైనా లేదు. మా డిపాజిట్ వాడి జేబులో, ఆ టెంటు మీలో ఎవరి వీపు మీదకో.

ముదురాకుపచ్చ సంచి. తాడు బిగించే ప్లాస్టిక్ బిళ్ల కొండ మీద విరిగిపోయింది, దాని బదులు రెండు ముళ్లు వేసుంటాయి, ఒకదాని మీద ఒకటి, మొరటుగా. వేళ్లు కొంకర్లు పోయి చేతకాక నా ఫ్రెండ్ పళ్లతో లాగి బిగించిన ముళ్లవి. అవి కనబడితే ముట్టుకోకండి.