బిగినర్ కిట్ అని అంటగట్టాడు, మా బావ ప్రాణం మీదికి తెచ్చాడు: వేప్ (ఈ-సిగరెట్) కొనే ఆలోచన ఉన్నవాళ్లు చదవండి

"పో భాయ్, స్టేషన్‌కి పోయి చెప్పు. ఏం కొన్నవని అడుగుతరు గదా, అది గూడ చెప్పు."

మా బావ వాంతులు చేసుకుని క్లినిక్ దాకా వెళ్లొచ్చాక, ఆ కిట్ అమ్మినవాడు నాకు పంపిన వాయిస్ మెసేజ్ ఇది. వెనకాల ఎవరో నవ్వుతున్నారు కూడా. ఇది రాస్తుంటే కూడా నాకు కోపం ఆగట్లేదు.

పేరు రాయను. రాసినా రేపటికి ఇంకో పేరుతో పేజీ పెట్టుకుంటాడు. హైదరాబాద్‌లో ఇలాంటివాళ్ల దగ్గర కొన్నవాళ్లకి పద్ధతి చెప్తే చాలు, అర్థమైపోతుంది. ఇన్‌స్టా స్టోరీలో రేట్లు, టెలిగ్రామ్‌లో ఆర్డర్, డబ్బు మొత్తం ముందే యూపీఐలో కొట్టాలి. ఆ తర్వాత ఎవరో కుర్రాడు ఫోన్ చేసి మెట్రో పిల్లర్ నంబర్ చెప్తాడు. బైక్ దిగకుండానే నల్ల కవర్ చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. బిల్లు ఉండదు, వారంటీ ఉండదు.

బావ చాలా ఏళ్లుగా సిగరెట్ కాలుస్తాడు. ఈమధ్య మెట్లెక్కుతుంటే ఆయాసం, ఇంట్లో అక్క పోరు, మొత్తానికి మానేస్తానన్నాడు. వేప్‌కి మారితే తేలిగ్గా మానొచ్చని ఆఫీసులో ఎవరో చెప్పారట. ఆ కిట్ అమ్మినవాడికి బావ పెట్టిన మెసేజ్ ఇప్పుడు నా ముందే ఉంది. "నాకు వీటి గురించి ఏమీ తెలీదు, ఇంతవరకు ముట్టుకోలేదు, రోజుకి ఒక ప్యాకెట్ కాలుస్తాను, మానాలి, నాలాంటివాడికి ఏది సరిపోతుందో మీరే చూసి ఇవ్వండి" అని రాశాడు. ఇంతకన్నా విడమరిచి ఎవరైనా ఏం చెప్తారు? వాడి జవాబు: "టెన్షన్ వద్దన్నా. బిగినర్ కిట్, బెస్ట్ పీస్. కాయిల్ నేనే ఫిట్ చేసి ఇస్తా, జ్యూస్ స్ట్రాంగ్‌ది ఇస్తా, సిగరెట్ గుర్తు గూడ రాదు." 6,500 రూపాయలు తీసుకున్నాడు.

వచ్చిందేమిటంటే, రెండు బ్యాటరీలు పట్టే పెద్ద డబ్బా లాంటి మోడ్ (పవర్ ఇచ్చే మిషన్), దాని మీద లావుపాటి గాజు ట్యాంక్, ఒక స్పేర్ కాయిల్ (జ్యూస్‌ని వేడి చేసి ఆవిరి చేసే తీగ), మామిడి ఫ్లేవర్ జ్యూస్ (నికోటిన్ కలిపిన ద్రవం) బాటిల్. బాటిల్ మీద పెద్ద అక్షరాలతో 50 అని ఉంది.

మొదటి దమ్ముకే మాడు వాసన, గొంతు పట్టేసి దగ్గు. బావ ఆపేసి వాడినే అడిగాడు. "కొత్త కాయిల్ గదన్నా, పవర్ 70కి పెంచి గట్టిగా లాగు, సెట్ అయితది" అన్నాడు. బావ అలాగే చేశాడు. కాసేపటికి ముఖం తెల్లగా పాలిపోయింది. నుదుటి మీద చెమట, చేతులు చల్లగా అయిపోయాయి, గుండె దడ ఆగట్లేదు, ఆ వెంటనే వాంతులు. అక్క ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. కాలనీలో క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టర్ గారు నాడి చూసి, నికోటిన్ ఎక్కువైందని చెప్పి, చాలాసేపు అక్కడే పడుకోబెట్టారు.

మా పిన్ని కొడుకు మాంచెస్టర్‌లో ఉంటాడు. అక్కడ ఇవి దుకాణాల్లోనే అమ్ముతారు, వాడు సిగరెట్ మానింది కూడా వీటితోనే. వీడియో కాల్ చేసి సామానంతా చూపించాను. కాయిల్ తీసి పక్కన చెక్కిన అంకెలు చదవమన్నాడు. 0.15 ఓమ్ (కాయిల్ నిరోధం), కింద 60 నుంచి 80 వాట్లు. బాటిల్ మీద 50 చూడగానే "అరే, ఈ రెండూ కలిపి ఇచ్చాడా?" అని అరిచాడు.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను, ఎందుకంటే ఇది ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే బావకి ఈ బాధ ఉండేది కాదు. సిగరెట్ తాగేవాళ్లు పొగని ముందు నోట్లోకి తీసుకుని తర్వాత లోపలికి పీలుస్తారు. ఆ అలవాటుకి సరిపోయేది 0.8 నుంచి 1.2 ఓమ్ దాకా ఉండే కాయిల్, 10 నుంచి 18 వాట్ల పవర్, గాలి సన్నగా వచ్చే చిన్న ట్యాంక్. దాంట్లో ఆవిరి తక్కువ వస్తుంది కాబట్టే నికోటిన్ గాఢంగా ఉండే సాల్ట్ జ్యూస్ పోస్తారు. 0.15 కాయిల్ సంగతి వేరు. అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగి గదంతా పొగ నింపేవాళ్లది. ఒక్క దమ్ములోనే బోలెడు ఆవిరి వస్తుంది కాబట్టి దాంట్లో పోసేది మిల్లీలీటర్‌కి 3 మిల్లీగ్రాములో 6 మిల్లీగ్రాములో నికోటిన్ ఉన్న జ్యూస్. యూకేలో మిల్లీలీటర్‌కి 20 మిల్లీగ్రాములు దాటిన జ్యూస్ అమ్మడానికే చట్టం ఒప్పుకోదు. మా బావకి ఇచ్చింది 50, అదీ 70 వాట్ల మీద. రోజూ వేప్ తాగేవాళ్లకే కళ్లు తిరుగుతాయన్నాడు మా తమ్ముడు.

ఆ మాడు వాసన కూడా అంతే. కాయిల్ లోపల దూది ఉంటుంది. కొత్తది పెట్టేముందు ఆ దూదిని కొన్ని చుక్కల జ్యూస్‌తో తడిపి, ట్యాంక్ నింపి, పది నిమిషాలు కదపకుండా వదిలేయాలి. తర్వాత కాయిల్ మీద రాసిన తక్కువ వాట్లతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచాలి. అమ్మినవాడు ఎండు దూదితోనే బిగించి ఇచ్చాడు. పైగా మాడుతోందని చెప్తే పవర్ పెంచమన్నాడు! ఎండిన కాయిల్‌ని అలా కాలిస్తే ఫార్మాల్డిహైడ్ లాంటి విషాలు పుడతాయి. ఊపిరితిత్తులు బాగుచేసుకుందామని వచ్చిన మనిషికి ఇచ్చిన సలహా అది.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు మనసొప్పదు. మర్నాడు ఉదయం చూస్తే టీవీ స్టాండ్ మీద ట్యాంక్ కింద జిగటగా చిన్న మడుగు. పెద్ద కాయిల్‌కి చిక్కటి జ్యూస్ పోయాలట, ఇలాంటి పల్చటిది పోస్తే కారిపోతుందట. దగ్గరికెళ్తే మామిడిపండు రసం వాసన. అక్క చిన్నది ఆ స్టాండ్ పట్టుకునే నిలబడి ఆడుకుంటుంది. ఆ జ్యూస్ చిన్నపిల్లల కడుపులోకి కొంచెం పోయినా ప్రాణాంతకం కావచ్చు, ఒంటికి అంటుకున్నా చర్మంలోంచి లోపలికి ఇంకుతుంది. బాటిల్‌కి పిల్లలు తీయలేని మూత కూడా లేదు, మామూలు ఐడ్రాప్స్ సీసా మూత. అక్క ఆ స్టాండ్‌ని గ్లవ్స్ వేసుకుని సబ్బు నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగింది.

బ్యాటరీల మీద 9900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె) అని ఉంది. ఆ 18650 సైజులో మంచి కంపెనీ సెల్ అయినా 3,500 చుట్టుపక్కలే ఉంటుంది. అంటే ఆ అంకె అబద్ధం, పాత సెల్స్‌కి కొత్త తొడుగు వేసి అమ్మి ఉంటాడు. ఒకదానికి ప్లస్ వైపు అంచున తొడుగు చిరిగి లోపలి లోహం కనపడుతోంది. అది దేనికైనా తగిలి షార్ట్ అయితే నిప్పే. వెంటనే తీసి విడివిడిగా డబ్బాల్లో పెట్టమన్నాడు మా తమ్ముడు.

ఇవన్నీ ఫొటోలు తీసి వాడికి పంపాను. డబ్బుల మాట కూడా ఎత్తలేదు. "మనిషికి ఇలా అయింది, ఇంకెవరికీ ఈ జత ఇవ్వకండి" అని మర్యాదగానే రాశాను. ఫోన్ చేస్తే కట్ చేశాడు. మళ్లీ మెసేజ్ పెడితే వచ్చింది పైన రాసిన ఆ నవ్వుల వాయిస్. ఆ వెంటనే బ్లాక్. అదే సాయంత్రం ఫ్రెండ్ అకౌంట్‌లోంచి చూస్తే స్టోరీలో "బిగినర్ కిట్స్ రీస్టాక్" అని పెట్టాడు. అదే మోడ్, అదే గాజు ట్యాంక్, అదే మామిడి బాటిల్.

వాడి ధైర్యమంతా చట్టమే. 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్ తెచ్చారు, డిసెంబర్‌లో చట్టమే చేశారు. దేశంలో ఎక్కడా ఈ-సిగరెట్లు తయారు చేయకూడదు, దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు, ప్రకటనలు ఇవ్వకూడదు. మొత్తం కిట్టే కానక్కర్లేదు, విడి భాగాలకీ అదే వర్తిస్తుంది. అమ్మినవాడికి మొదటిసారే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వ పెట్టినవాళ్లకి కూడా శిక్ష ఉంది. ఆ ఒక్క ముక్క చూపించి కొన్నవాళ్ల నోరు మూయిస్తున్నాడు. తన మీదున్న కేసు భయాన్ని మన మీదికి తిప్పి, దాని చాటున పాత సెల్స్, మిగిలిపోయిన కాయిల్స్, చేతికొచ్చిన జ్యూస్ వదిలించుకుంటున్నాడు. షాపులో కొన్న మిక్సీ పాడైతే తిరిగి తీసుకెళ్లి అడుగుతాం, ఇక్కడ అడగడానికి వీల్లేదని వాడికి బాగా తెలుసు. సరుకు ఎంపికలో కూడా అందుకే ఏ జాగ్రత్తా తీసుకోడు.

కాబట్టి కొనకండి, ఎంత మంచి రివ్యూలు కనపడినా సరే. ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు ముందు కాయిల్ మీద అంకె, బాటిల్ మీద అంకె పక్కపక్కన పెట్టి చూసుకోండి, తొడుగు చిరిగిన సెల్ వాడకండి, బాటిల్ పిల్లలకి అందేచోట పెట్టకండి. సిగరెట్ మానాలనుకునేవాళ్లకి 1800-11-2356 అని ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబర్ ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు. బావ ఇప్పుడు వాళ్లతోనే మాట్లాడుతున్నాడు, మందుల షాపులో దొరికే 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ వాడుతున్నాడు.

వాయిస్ మెసేజ్, చాట్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఎవరికైనా ఈ పద్ధతిలోనే ఆర్డర్ తీసుకుని డబ్బు అడుగుతుంటే, పంపేముందు నాకు మెసేజ్ చేయండి, వాడేనో కాదో గొంతు విని చెప్తాను.