డిగ్రీ నాలుగో ఏడాది రీసెర్చ్: 12 క్రెడిట్ల కోసం ఏడాది పెట్టొచ్చా?

మూడేళ్లతో డిగ్రీ ముగించాలా, ఇంకో ఏడాది ఉండి ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ పట్టా పట్టుకెళ్లాలా? మా మాట ముందే చెప్పేస్తాం. కాగితం మీద పథకానికి ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. నడిపే డిపార్ట్‌మెంటు బలహీనమైతే అదే పథకం ఒకటిన్నరకు కూడా తూగదు. అందుకే ఇందులో పథకం గురించి కొంచెం, డిపార్ట్‌మెంటును ఎలా తూచాలో, పనిని ఎలా కొలుచుకోవాలో ఎక్కువ.

ఉన్నత విద్యను నియంత్రించే యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్లదానికి 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవాళ్లకే రీసెర్చ్ దారి తెరుచుకుంటుంది. వాళ్లు మేజర్ సబ్జెక్టులో 12 క్రెడిట్ల ప్రాజెక్టో డిసర్టేషనో (పరిశోధన వ్యాసమో) చేయాలి. మామూలు ఆనర్స్ వాళ్లు దాని బదులు మూడు పేపర్లు చదువుతారు. అంటే నాలుగో ఏడాది 40 క్రెడిట్లలో రీసెర్చ్ వాటా 12 మాత్రమే. మిగతా 28కీ క్లాసులు, పరీక్షలు మామూలే. ఏడాదంతా ల్యాబ్‌లోనో లైబ్రరీలోనో గడపొచ్చని ఆశపడి చేరితే మొదటి నెలలోనే నీరుగారిపోతారు.

ఢిల్లీ యూనివర్సిటీ డిసర్టేషన్‌ను ఏడో సెమిస్టర్‌కు ఆరు, ఎనిమిదో సెమిస్టర్‌కు ఆరు క్రెడిట్లుగా పంచింది. ఇది తెలివైన పని. మొత్తం చివరి సెమిస్టర్‌లో కుక్కితే సంక్రాంతి సెలవులు అయ్యేదాకా ఎవరూ పుస్తకం తెరవరు. మీ కాలేజీ ఎలా పంచిందో చేరకముందే అడగండి.

ఇక అసలు లెక్క. ప్రాక్టికల్, ఫీల్డ్ పనులకు ఒక క్రెడిట్ అంటే 15 వారాల సెమిస్టర్‌లో వారానికి రెండు గంటలు, మొత్తం 30 గంటలు. ఆ కొలతన 12 క్రెడిట్లకు 360 గంటలు, రెండు సెమిస్టర్ల మీద వారానికి పన్నెండు. మేమైతే ఈ గంటలను ఇలా పంచుతాం: చదవడానికి 70, పద్ధతిని చిన్నగా పరీక్షించి చూడడానికి 40, డేటాకు 120, విశ్లేషణకు 60, రాయడానికి 70. చాలామంది చదవడానికే 200 గంటలు పోసి, డేటా దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు.

విషయం ఎంత చిన్నదిగా ఉండాలో ఈ 120 గంటలే చెబుతాయి. ‘గోదావరి జిల్లాల్లో నీటి కాలుష్యం’ అనే శీర్షిక గోడ పత్రికకు బాగుంటుంది, డిగ్రీ ప్రాజెక్టుకు కాదు. దాని బదులు ఒక్క కాలువ, ఆరు చోట్లు, పదిహేను రోజులకోసారి, నాలుగు నెలలు. ఎనిమిది విడతల్లో 48 నమూనాలు వస్తాయి. ఒక్కోదానికి కాఠిన్యం, క్లోరైడ్ మూడేసి సార్లు చూస్తే 288 టైట్రేషన్లు (ద్రావణం చుక్కలుగా పోసి రంగు మారేదాకా కొలవడం). ఒక్కోటి పది నిమిషాలనుకుంటే 48 గంటలు. నీళ్లు తేవడానికి విడతకు ఐదు గంటల చొప్పున 40, ద్రావణాల తయారీకి 20. మొత్తం 108. మిగిలిన పన్నెండు గంటలు పాడైన విడతను మళ్లీ చేయడానికి కావాలి, కచ్చితంగా ఒకటి పాడవుతుంది.

పాడయ్యేది కూడా తెలిసిన చోట్లే. పీహెచ్ కాలువ గట్టు మీదే కొలవాలి. సీసా కాలేజీకి చేరేసరికి కార్బన్ డయాక్సైడ్ తగ్గో పెరిగో అంకె మారిపోతుంది. మీటరును ఆ ఉదయమే పీహెచ్ 4, 7, 10 బఫర్లతో (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణాలతో) సరిచూడాలి. క్లోరైడ్‌కు వాడే సిల్వర్ నైట్రేట్ ఖరీదైనది, వెలుతురు తగిలితే చెడుతుంది. గోధుమరంగు సీసాలో పెట్టి, వాడే ముందు దాని గాఢతను సోడియం క్లోరైడ్‌తో సరిచూసుకోవాలి. కాఠిన్యం కొలిచే ఈడీటీఏ ద్రావణం వాడేటప్పుడు బఫర్ పాతబడి పీహెచ్ 10 దగ్గర నిలవకపోతే ద్రాక్షరంగు నుంచి నీలానికి మార్పు తేటగా కనపడదు. విద్యార్థి తన చేతినే తప్పుపట్టుకుంటాడు, తప్పు బఫర్‌ది. వీటన్నిటికన్నా పెద్ద ఆటంకం కొనుగోళ్లు. కొటేషన్లు, సంతకాలు, సరఫరా అయ్యేసరికి నెలలు గడుస్తాయి. అందుకే రసాయనాల జాబితా ఏడో సెమిస్టర్ మొదటి వారంలోనే ఇచ్చేయాలి.

ఆర్ట్స్ వాళ్లకు రసాయనాల బాధ లేదు కానీ టేపు బాధ ఉంది. ముప్పావు గంట చొప్పున 15 ఇంటర్వ్యూలంటే 11 గంటలకు పైగా ఆడియో. గంట ఆడియోను కాగితం మీద పెట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. అంటే 45 నుంచి 67 గంటలు దానికే. మాండలికాన్ని ఉన్నదున్నట్టు రాయాలంటే ఇంకా ఎక్కువ. మనుషులను ప్రశ్నలడిగే ఏ పనికైనా సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి ఇంటర్వ్యూకు ముందే రావాలి. తర్వాత తెచ్చుకున్న అనుమతి చెల్లదు. క్లాసు వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం పడేసి వంద జవాబులు పోగేసి దాన్ని ‘యువత అభిప్రాయం’ అనడం ఈ మధ్య జబ్బులా పాకింది. వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్నకే అది కూలుతుంది.

డిపార్ట్‌మెంటును తూచేటప్పుడు మొదట అడగాల్సింది గైడ్ల గురించి. రీసెర్చ్ ఆనర్స్ నడపాలంటే పీహెచ్‌డీ పర్యవేక్షకులుగా గుర్తింపు ఉన్న శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరుండాలని యూజీసీ అంటోంది. పేర్లు అడగండి. ఒక్కొక్కరి కింద ఎంతమంది విద్యార్థులున్నారో కూడా అడగండి. తర్వాత జర్నళ్లు. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద పదమూడు వేల జర్నళ్లు చదవొచ్చు గానీ అది ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు డిగ్రీ కాలేజీ అయితే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్-లిస్ట్ (కాలేజీలకు ఆన్‌లైన్ జర్నళ్లు, పుస్తకాలు అందించే సేవ) ఉందో లేదో కనుక్కోండి. అదీ లేకపోతే శోధ్‌గంగలో ఉచితంగా దొరికే పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు, ఉచిత జర్నళ్లే దిక్కు.

ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు ఒక వెసులుబాటు ఉంది. 180 గంటలు, నాలుగు క్రెడిట్ల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ముందే చేసి ఉంటారు. ఊళ్లో తిరిగి నిజంగా సర్వే చేసినవాళ్లకు అదే మంచి రిహార్సల్. జిరాక్స్ షాపులో పేరు మార్చి స్పైరల్ బైండింగ్ చేయించినవాళ్లకు మాత్రం నాలుగో ఏడాది చుక్కలు చూపిస్తుంది. కాపీ కొట్టడంపై యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతతో పది శాతం దాకా పోలికకు శిక్ష లేదు, 10 నుంచి 40 మధ్య ఉంటే దిద్ది ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి.

లాభం సంగతి. 75 శాతంతో నాలుగేళ్ల డిగ్రీ పూర్తిచేస్తే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయొచ్చు. రిజర్వేషన్ వర్గాలకు ఐదు శాతం సడలింపు ఉంది. 2024 జూన్ నుంచి జాతీయ అర్హత పరీక్ష నెట్ కూడా రాయొచ్చు. కానీ అది జేఆర్‌ఎఫ్‌కు (పరిశోధన ఫెలోషిప్‌కు), పీహెచ్‌డీ ప్రవేశానికే. దానితో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత రాదు, ఈ తేడా చాలామందికి ఆలస్యంగా తెలుస్తోంది. పీజీ చేసినా ఏడాది కోర్సు ఉన్నచోట ఒక సంవత్సరం కలిసొస్తుంది. గ్రూప్స్‌కు వెళ్లేవాళ్లకు ఈ ఏడాది దండగ.

చేరాలనుకుంటే ఆరో సెమిస్టర్ ఫలితాల దాకా ఆగకండి. అప్పటికి మంచి గైడ్ల దగ్గర ఖాళీలు ఉండవు. ఆ సెమిస్టర్ మధ్యలోనే ఒక పేజీ రాసి పట్టుకెళ్లండి: ప్రశ్న ఒక వాక్యంలో, డేటా ఎక్కడిది, ఎన్ని నమూనాలు, ఏ పరికరం, ఎన్ని గంటలు, చదివిన వ్యాసాలు ఐదు. ఆ పేజీ చూసి ‘ఇది తగ్గించు’ అన్న గైడ్ దొరికితే వదలకండి. ‘బాగుంది, కానియ్’ అని చూడకుండానే సంతకం పెట్టేవారైతే పక్క గది తలుపు తట్టండి.