స్పీకర్ కేబుల్: డబ్బాలో వచ్చిందా, కోఠి రాగి తీగా, వేల రూపాయల బ్రాండా?

హోమ్ థియేటర్ సెట్‌కి స్పీకర్ కేబుల్ మారిస్తే సౌండ్ బాగుపడుతుందా అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. హైదరాబాద్‌లో కొండాపూర్, మియాపూర్, నల్లగండ్ల వైపు కొత్త ఫ్లాట్ తీసుకుని ఇంటీరియర్ పని మొదలుపెట్టినవాళ్లే చాలామంది. షోరూమ్‌లో వేల రూపాయల కేబుల్ చూపించి ఇదే వేయాలంటారు. ఇంటికొస్తే ఫాల్స్ సీలింగ్ చేసే మేస్త్రీ "ఏ వైరైనా ఒకటే సార్" అంటాడు. రెండు మాటలూ సరైనవి కావు. కాకపోతే మేస్త్రీ మాట వింటే తర్వాత సీలింగ్ పగలగొట్టాల్సి రావచ్చు.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: స్పీకర్ ఎంత దూరంలో ఉంది, ఆ దూరానికి తీగ మందం చాలుతుందా?

సోఫా వెనక స్పీకర్‌కి సీలింగ్ మీదుగా 15 మీటర్లు లాగారనుకుందాం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి మొత్తం 30 మీటర్ల రాగి. సెట్‌తో వచ్చే సన్న తీగ మందం 0.5 స్క్వేర్ ఎంఎం (అడ్డకోత వైశాల్యం) అయితే దాని నిరోధం దాదాపు 1 ఓమ్. స్పీకర్ 6 ఓమ్‌లదైతే యాంప్లిఫయర్ పంపిన వోల్టేజీలో ఏడో వంతు దారిలోనే ఖర్చు. పైగా స్పీకర్ ఓమ్‌లు స్వరాన్ని బట్టి మారుతుంటాయి కనుక ఈ నష్టం అన్నిచోట్లా సమానంగా ఉండదు, అసలు సౌండ్ తీరే కాస్త మారుతుంది. అదే దూరానికి 2.5 వేస్తే నిరోధం 0.2 ఓమ్. తీగ నిరోధం స్పీకర్ ఓమ్‌లలో 5 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే ఇక్కడ 0.3, కాబట్టి 2.5 హాయిగా సరిపోతుంది.

టీవీకి అటూ ఇటూ ఉండే స్పీకర్ల సంగతి వేరు. మూడు మీటర్లలోపు దూరానికి ఆ సన్న తీగే 0.2 ఓమ్ దగ్గర ఆగుతుంది. దాన్ని అలాగే ఉంచేయండి, పైసా ఖర్చు వద్దు.

కొనాల్సి వస్తే కోఠి గుజరాతీ గల్లీలో మీటర్ల లెక్కన దొరుకుతుంది. అక్కడ చూసుకోవాల్సింది మందం ఒక్కటే కాదు, లోపలి లోహం కూడా. చౌకగా ఇచ్చే వాటిలో కొన్ని రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు, షాపువాళ్ల భాషలో సీసీఏ. అదే మందానికి నిరోధం సుమారు ఒకటిన్నర రెట్లు. చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. అది వద్దని మొహమాటం లేకుండా చెప్పండి. స్పీకర్ కేబుల్ నచ్చింది దొరక్కపోతే ఇంటి వైరింగ్‌కి వాడే మంచి కంపెనీ మల్టీ స్ట్రాండ్ రాగి వైరు, 2.5 స్క్వేర్ ఎంఎంది, వెళ్లడానికొకటి రావడానికొకటి లాగినా చెవికి తేడా తెలియదు.

ఇక బ్రాండెడ్ కేబుళ్లు. ఆక్సిజన్ లేని రాగి అంటారు, వెండి పూత అంటారు. మామూలు ఎలక్ట్రికల్ రాగే 99.9 శాతం స్వచ్ఛం. అచ్చమైన వెండి కూడా రాగి కంటే ఆరు శాతం మెరుగైన వాహకం, అంతే. ఆ లాభం కావాలంటే రాగి తీగే కొంచెం లావుది తీసుకుంటే సరి. ఈ బ్రాండెడ్ కేబుళ్లు నిజంగా చూడముచ్చటగా ఉంటాయి, ప్లగ్గులు గట్టిగా పట్టుకుంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ గచ్చిబౌలి ఫ్లాట్ హాల్లో నేలంతా టైల్స్, ఒక గోడంతా గాజు తలుపు. ఆ డబ్బుతో మందపాటి కర్టెన్లు, ఒక కార్పెట్ కొంటే ప్రతిధ్వని తగ్గి, తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది.

టీవీ, బాక్సు, యాంప్లిఫయర్ల మధ్య వేసే హెచ్‌డీఎంఐ, ఆప్టికల్ కేబుళ్లు డిజిటల్ కాబట్టి సిగ్నల్ అందిందంటే ఖరీదైనదీ మామూలుదీ ఒకటే. సబ్‌వూఫర్‌లో (బాస్ కోసం ఉండే పెద్ద స్పీకర్) 'హుమ్' అని మోత వస్తే ముందు సెట్‌టాప్ బాక్స్‌లోకి వచ్చే టీవీ కేబుల్ ఊడదీసి చూడండి. మోత ఆగితే తంటా గ్రౌండ్ లూప్‌ది, అంటే పరికరాల ఎర్తింగ్ దారులు కలిసి వలయమవడం. సబ్‌వూఫర్‌కి వెళ్లే ఆర్‌సీఏ కేబుల్ మార్చినా పోదు.

సీలింగ్ పని జరుగుతున్నవాళ్లకు ఇంకొకటి. స్పీకర్ వైర్లకు కరెంటు పైపులు కాకుండా విడిగా పైపు వేయించండి. సీలింగ్ మూసేముందు యాంప్లిఫయర్ వైపు వైరు కొసలు, దానికి కలపకుండా, ప్లస్ కొసకు సెల్ ప్లస్ వచ్చేలా 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌కి క్షణం పాటు తాకించండి. స్పీకర్ టప్‌మని, కోన్ (ముందు కనబడే గుండ్రటి పొర) బయటికి కదిలితే వైరు బాగుంది, ప్లస్ మైనస్ సరిగ్గా కలిశాయి. లోపలికి కదిలితే కొసలు తారుమారయ్యాయి, మేస్త్రీ నిచ్చెన దిగకముందే చెప్పండి.