భక్తుడి లోపాలను దాచని డాక్యుమెంటరీ

ఇంగ్లండ్‌కు చెందిన ప్రసిద్ధ రాక్ సంగీత బృందం బీటిల్స్‌లో అందరికంటే చిన్నవాడు, తర్వాత కృష్ణభక్తుడైన జార్జ్ హారిసన్ జీవితంపై మార్టిన్ స్కోర్సెసీ 2011లో తీసిన 'లివింగ్ ఇన్ ది మెటీరియల్ వరల్డ్' డీవీడీని హనుమకొండలో మా ఇంటిల్లిపాదీ కలిసి చూశాం. పోతన భాగవతం వింటూ పెరిగిన ఓరుగల్లు ప్రాంతం వాళ్లకు కృష్ణభక్తుల కథలు కొత్త కావు. అయితే భక్తుడి గురించి చెప్పేటప్పుడు అతని కోపతాపాలను, సంసారంలోని చిక్కులను పక్కన పెట్టేయడం మనలో చాలామందికి అలవాటు. ఈ చిత్రం వాటిని దాచకపోవడమే నాకు అన్నిటికంటే నచ్చింది.

క్యాథలిక్ కుటుంబంలో పుట్టిన హారిసన్ 1966లో పండిట్ రవిశంకర్ వద్ద సితార్ నేర్చుకోవడానికి మన దేశానికి వచ్చాడు, 1968లో రిషీకేశ్‌లోని మహేశ్ యోగి ఆశ్రమంలో ధ్యానం చేశాడు, 1973లో లండన్ సమీపంలోని ఒక పెద్ద భవనాన్ని కొని ఇస్కాన్‌కు ఇచ్చాడు. జపమాల పట్టిన ఆ మనిషిలోనే తీవ్రమైన కోపం కూడా ఉండేదని తోటి బీటిల్ రింగో స్టార్ ఇందులో నిస్సంకోచంగా చెబుతాడు.

హారిసన్ మొదటి భార్య ప్యాటీ బోయ్డ్‌ను అతని ఆప్తమిత్రుడు, గిటార్ వాద్యకారుడు ఎరిక్ క్లాప్టన్ ప్రేమించాడు. 1977లో విడాకులయ్యాక 1979లో ఆమె క్లాప్టన్‌నే పెళ్లాడింది, అయినా ఆ మిత్రుల స్నేహం తెగిపోలేదు. క్లాప్టనే కెమెరా ముందు కూర్చుని ఈ సంగతి మాట్లాడటం చూస్తే, ఇతరులు చెప్పే వ్యాఖ్యానం అవసరమే లేదనిపిస్తుంది. హారిసన్ రెండో భార్య ఒలీవియా కూడా తమ కాపురంలో పరస్త్రీల వల్ల వచ్చిన ఇబ్బందులను ఒప్పుకుంటుంది. ఈ చిత్ర నిర్మాతల్లో ఆమె ఒకరు కాబట్టి, కోరుకుంటే ఆ మాటలు లేకుండా చేయించగలిగేదే. 1999 డిసెంబరులో ఇంట్లోకి చొరబడిన ఆగంతకుడు హారిసన్‌ను కత్తితో పొడుస్తుంటే తాను ఎదురుతిరిగి పోరాడిన వైనాన్ని, 2001 నవంబరులో భర్త మరణించినప్పుడు ఆ గదిలో నిండిన వెలుగును ఆమె చెబుతున్నంతసేపూ మా ఇంట్లో ఎవరూ కదల్లేదు.

లోపాలు లేకపోలేదు. కథ కాలక్రమంలో సాగదు కనుక బీటిల్స్ చరిత్ర తెలియనివారు కొంత తికమకపడతారు. తెలుగు సబ్‌టైటిళ్లు లేవు. నిడివి సుమారు మూడున్నర గంటలు, రెండు భాగాలు. వాటిని రెండు రాత్రులుగా విడదీసి చూడటం మంచిది. ఇంగ్లిషు రాని పెద్దవాళ్లతో చూసేవారు, ముఖ్యంగా ఒలీవియా మాట్లాడే ఘట్టాల్లో, అక్కడక్కడ ఆపి తెలుగులో చెప్పండి.