ఆరోగ్య సంజీవని: హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లకు సరిపోతుందా?

కాలేజీ పిల్లలకు చవకలో హెల్త్ పాలసీ ఏదని అడిగితే ఎక్కువమంది ఏజెంట్లు మొదట చూపించేది ఆరోగ్య సంజీవని. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశంతో 2020 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ ఒకే నమూనాలో అమ్ముతున్న పాలసీ ఇది. ఎవరి దగ్గర కొన్నా ప్రధాన నిబంధనలు ఒకటే, తేడా ప్రీమియంలోనూ క్లెయిమ్ సర్వీసులోనూ. ఊరిని బట్టి ప్రీమియం మారదు కాబట్టి శ్రీకాకుళం అడ్రసైనా మాదాపూర్ అడ్రసైనా ఒకే రేటు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. వరంగల్, గుంటూరు లాంటి చోట్ల చదివేవాళ్లకు ఇది మంచి బేరమే. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులను దృష్టిలో పెట్టుకుని కొనేవాళ్లు మాత్రం రూమ్ రెంట్ నిబంధన చదివాకే డబ్బు కట్టాలి.

అంతకంటే ముందు ఇంట్లో ఏముందో చూడండి. అమ్మానాన్నల ఫ్యామిలీ ఫ్లోటర్‌లో (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) 25 ఏళ్ల వరకు పిల్లలను ఉంచొచ్చు. అందులో మీ పేరుంటే, బీమా మొత్తం కూడా సరిపడా ఉంటే, వేరే పాలసీ తొందరేం లేదు. నాన్నకు షుగరో గుండె జబ్బో ఉండి ఇంటిల్లిపాదికీ ఉన్నది 3 లక్షలే అయితే లెక్క వేరు. ఆయన ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే ఆ ఏడాదికి మీకు మిగిలేది ఏమీ ఉండకపోవచ్చు. నాన్న కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ అయితే ఆయన ఉద్యోగంతోపాటే పోతుంది. ఆరోగ్యశ్రీకి అర్హత ఉన్న కుటుంబమైతే (తెలంగాణలో పరిమితి 10 లక్షలు) పెద్ద ఆపరేషన్లకు అదే కొండంత అండ. కాకపోతే అది జాబితాలో ఉన్న చికిత్సలకు, అనుబంధ ఆసుపత్రుల్లోనే పనిచేస్తుంది. ఇక కాలేజీ ఫీజులో కలిపి వసూలు చేసే ‘ఇన్సూరెన్స్’ చాలాచోట్ల ప్రమాద బీమా మాత్రమే. డెంగీ వస్తే దాంతో రూపాయి రాదు. అడ్మిషన్ కాగితాలు తీసి ఒకసారి చదవండి.

ఇక అసలు పేచీ. రూమ్, భోజనం, నర్సింగ్ కలిపి రోజుకు సమ్ ఇన్సూర్డ్‌లో (పాలసీ మొత్తంలో) 2 శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా ఇస్తారు. ఐసీయూకు 5 శాతం, గరిష్ఠంగా 10,000. అంటే రెండున్నర లక్షల పాలసీకే రూమ్ పరిమితి 5,000కు చేరిపోతుంది. 5 లక్షలు తీసుకున్నా, 10 లక్షలు తీసుకున్నా గది మాత్రం అదే. పాలసీ పెద్దదైతే గదీ పెద్దది తీసుకోవచ్చనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

దెబ్బ గది అద్దెతో ఆగితే ఫర్వాలేదు, ఆగదు. 5 లక్షల పాలసీ ఉన్న కుర్రాడు రోజుకు 10,000 గదిలో నాలుగు రోజులు ఉన్నాడనుకుందాం. గదికి 40,000, డాక్టర్ ఫీజులూ ఇతర చార్జీలూ 50,000, మందులు 30,000, మొత్తం 1,20,000. అర్హత ఉన్నదానికి రెట్టింపు అద్దె గది తీసుకున్నాడు కాబట్టి డాక్టర్ ఫీజులు కూడా సగానికి కోస్తారు. మందుల జోలికి రారు. అంటే 20,000, 25,000, 30,000 కలిపి 75,000. దాని మీద 5 శాతం కో-పే (ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన వాటా) తీసేస్తే కంపెనీ ఇచ్చేది 71,250, జేబులోంచి పోయేది 48,750. మిగతా చార్జీలు అవే ఉండి 5,000 గదిలో చేరి ఉంటే బిల్లు లక్ష అయ్యేది, చేతి నుంచి పడేది 5,000. చాలా ఆసుపత్రుల్లో గది స్థాయిని బట్టి డాక్టర్ ఫీజు కూడా మారుతుంది కాబట్టి నిజానికి తేడా ఇంకా పెరుగుతుంది. గ్లౌజులు, మాస్కుల్లాంటి సామాను ఖర్చు ఎలాగూ మీదే.

అందుకే మీరు వెళ్లే అవకాశం ఉన్న రెండు మూడు ఆసుపత్రులకు ఫోన్ చేసి, నర్సింగ్‌తో కలిపి ట్విన్ షేరింగ్ (ఇద్దరు పేషెంట్లు ఉండే గది) రోజుకు ఎంతో కనుక్కోండి. ఐదు వేల లోపు దొరికితే ఈ పాలసీ హాయిగా సరిపోతుంది. దొరకకపోతే రూమ్ పరిమితి, కో-పే లేని 5 లక్షల పాలసీకి కూడా కొటేషన్ తీసుకోండి. ఇరవై ఏళ్ల వయసులో ఆ రెండింటి ప్రీమియం తేడా భరించగలిగేలా ఉంటే రెండోదే తీసుకోవాలన్నది మా మాట. నెట్‌వర్క్ జాబితా (కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రులది) చూసేటప్పుడు సొంతూరు పిన్‌కోడ్ కాదు, హాస్టల్ ఉన్న చోటి పిన్‌కోడ్ కొట్టండి. ఏడాదిలో పది నెలలు ఉండేది అక్కడే కదా!

వెయిటింగ్ విషయానికొస్తే, ప్రమాదాలకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, జబ్బులకు 30 రోజులు ఆగాలి. కొన్నింటికి 24 నెలలు. ఆ జాబితాను ముసలివాళ్ల రోగాలని తీసిపారేయొద్దు. కిడ్నీలో రాళ్లు, సైనస్, టాన్సిల్స్, మొలలు, ఫిషర్, కూర్చుని కూర్చుని పిరుదుల పైభాగంలో వచ్చే గడ్డ (పైలోనిడల్ సైనస్) అన్నీ అందులోవే. కళ్లజోడు వదిలించుకునే ఆపరేషన్‌కు 7.5 డయాప్టర్ల లోపు పవరైతే అసలు రాదు. ఓపీ ఖర్చులు లేవు. పరీక్షల కోసమే చేరినా ఇవ్వరు. కానీ చేరడానికి ముందు 30 రోజులు, డిశ్చార్జి తర్వాత 60 రోజుల సంబంధిత ఖర్చులు వస్తాయి. ప్లేట్‌లెట్ పరీక్షల బిల్లులు పారేయకండి.

ప్రపోజల్ ఫారం ఏజెంటుకు వదిలేయకండి. అన్నింటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టడం వాళ్లకు అలవాటు. చిన్నప్పటి ఆస్తమా, థైరాయిడ్, పీసీఓడీ, బైక్ మీంచి పడి కాలికి వేయించుకున్న రాడ్డు, అన్నీ రాయండి. ఉన్న జబ్బు చెబితే గరిష్ఠంగా మూడేళ్ల వెయిటింగ్. దాస్తే ఐదేళ్ల మారటోరియం (వరుసగా పాలసీ నడవాల్సిన కాలం) నిండేలోపు ఎప్పుడైనా క్లెయిమ్ తిప్పికొట్టొచ్చు. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ (వద్దనుకుంటే వెనక్కిచ్చే గడువు) ఉంటుంది. ఫారం కాపీ సరిచూసుకోవడానికి ఆ గడువు చాలు.

క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చినవాళ్లకు ఒక మాట. 18 దాటి సొంత సంపాదన మొదలైతే తర్వాతి రెన్యువల్ నుంచి అమ్మానాన్నల పాలసీలో చోటుండదు. కొత్తగా కొంటే వెయిటింగ్ మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి కొత్తది కొనొద్దు, నిండిన వెయిటింగ్ పోకుండా ఉన్న పాలసీనే సొంత పేరు మీదికి మార్పించుకోండి. అలాగే వేరే కంపెనీకి మారాలంటే (పోర్ట్ అవ్వాలంటే) రెన్యువల్‌కు 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. రెండు నెలల ముందే కదిలితే హడావుడి ఉండదు.

ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఈ-కార్డు, ఆధార్ పట్టుకుని ఇన్సూరెన్స్ డెస్కుకు వెళ్లాలి. మీరు కాకపోతే రూమ్మేటైనా వెళ్లాలి, అందుకే కార్డు కాపీ అతని ఫోన్‌లోనూ పెట్టండి. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు కంపెనీకి చెప్పాలి. అత్యవసరమైతే చేరిన 24 గంటల్లోపు, ఆలోపే డిశ్చార్జి అయితే అంతకు ముందే. 2024 నిబంధనల ప్రకారం క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే) అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో రావాలి. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రైతే డబ్బు కట్టి, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, రిపోర్టులు 30 రోజుల్లోపు పంపాలి. గది కేటాయించేటప్పుడే ‘రోజుకు 5,000 దాటొద్దు’ అని చెప్పి, అడ్మిషన్ కాగితం మీద రాయించుకోండి. అలాంటి గది ఖాళీ లేదని పై గదిలో వేస్తే, ఆ సంగతి కూడా రాసిమ్మని అడగండి.