కళ్ళ కింద ఫిల్లర్: కరిగించుకునే వీలుందన్న ఒక్క ధైర్యం

ఫిల్లర్‌ని, అంటే ముఖంలో గుంటలు నింపడానికి చర్మం కింద వేసే జెల్‌ని, కరిగించే ఇంజెక్షన్ ఒకటి ఉంటుంది. పేరు హైలురోనిడేజ్. ముఖం కోసం నేను చేయించుకున్న అన్నిటిలో ఇప్పటికీ దాని మీదే నాకు ఎక్కువ అభిమానం. సూదులతో సరిపెట్టుకుందామా, ఆపరేషన్‌కే వెళ్దామా అని ఊగిసలాడుతున్నవాళ్ళు ముందు దీని గురించి తెలుసుకుంటే మంచిదని రాస్తున్నాను.

మాది విజయవాడ, మొగల్రాజపురం. ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. వయసు యాభై దాటింది. మా నాన్నగారి వైపు అందరికీ కళ్ళ కింద సంచులే, నాకూ ముప్ఫైల్లోనే వచ్చాయి. రాత్రి హాయిగా నిద్రపోయి కాలేజీకి వెళ్ళినా స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒకరు "ఒంట్లో బాగాలేదా మేడమ్" అనేవాళ్ళు. ఒక పెళ్ళిలో మా ఆడపడుచు నలుగురి ముందు "ఏంటి వదినా, రాత్రంతా ఏడ్చావా?" అని అడిగింది. ప్రేమగానే అడిగింది. నాకు మాత్రం ఆ రోజు ఇక ఫోటోల్లో నిలబడబుద్ధి కాలేదు.

ముందు బొటాక్స్, అంటే కండరాల్ని సడలించి ముడతలు తగ్గించే ఇంజెక్షన్, వేయించుకున్నాను. కనుబొమల మధ్య నిలువు గీతలకి చాలా బాగా పనిచేసింది. మూడు నాలుగు రోజుల్లో మొదలై, రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది. మూడు నాలుగు నెలలు ఉంటుంది. అప్పట్లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఒకసారి నుదుటికి కూడా వేస్తే కనుబొమలు బరువెక్కి కిందికి దిగాయి. బోర్డు పైభాగం చూడాలంటే తల వెనక్కి వంచాల్సి వచ్చేది. దానికి విరుగుడు ఇంజెక్షన్ లేదు, ప్రభావం దానంతటదే తగ్గేదాకా ఆగడమే. ఈ సంగతి ముందే ఎవరైనా చెబితే బాగుండేది.

ఇక ఫిల్లర్. ఇక్కడే ఒక స్కిన్ క్లినిక్‌లో కళ్ళ కింద వేయించుకున్నాను. సంచికీ చెంపకీ మధ్య పడిన గాడిని హైలురోనిక్ యాసిడ్ జెల్‌తో నింపితే రెండూ కలిసిపోయి సంచి కనిపించదన్నారు. మొదట్లో అలాగే ఉంది. మావారు అలాంటివి పట్టించుకునే మనిషి కాదు, ఆయన కూడా "ఈమధ్య ముఖం తేటగా ఉంది" అన్నారు. సిరంజికి పాతిక వేలు కట్టిన బాధ ఆ మాటతో పోయింది.

ఎండలు ముదిరేసరికి తేడా మొదలైంది. పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు. ఆవకాయ తిన్న మర్నాడైతే మరీ ఎక్కువ. హైలురోనిక్ యాసిడ్‌కి నీటిని పట్టి ఉంచుకునే గుణం ఉంది. చర్మం పొడిబారకుండా ఉండటానికి ఏ గుణం పనికొస్తుందో, కంటి కింద అదే గుణం నీరు చేర్చి ఉబ్బిస్తుంది. దానికి తోడు లేత నీలం రంగు. పల్చటి చర్మం కింద జెల్ పైపైనే ఉంటే దాని మీద పడిన వెలుగు చెదిరి నీలంగా కనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని టిండాల్ ఎఫెక్ట్ అంటారు. కొల్లాయిడ్ల పాఠంలో నేను ఏటా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదే ఇది. అలాంటి పాఠం చెప్పే నాకు కూడా దీని గురించి సూది వేసే ముందు ఒక్క మాట చెప్పలేదన్నదే ఆ క్లినిక్ మీద నా కోపం. తిరిగి వెళ్తే, ఇంకో అర సిరంజి వేస్తే సమానమైపోతుందన్నారు. వద్దని వచ్చేశాను.

మా కొలీగ్ చెబితే గుంటూరు కొత్తపేటలో ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన. మొదట అద్దం నా చేతికిచ్చి, "తల కదపకుండా కళ్ళు మాత్రం పైకెత్తి చూడమ్మా" అన్నారు. పైకి చూసేసరికి సంచులు ఇంకా ముందుకొచ్చాయి. "ఇది కొవ్వమ్మా. కంటిగుడ్డు చుట్టూ అందరికీ ఉండేదే. దాన్ని ఆపే పొర సడలి ముందుకొచ్చింది. గుంట పడినవాళ్ళకి నింపితే అందం. ఉబ్బు మీద నింపితే ఉబ్బే పెరుగుతుంది" అన్నారు. ఇన్ని వేలు పోశాక, అద్దంతో అంత తేలిగ్గా తేలే విషయం ఇదని అప్పుడు తెలిసింది.

"వేసినదాన్ని తీసేయొచ్చా?" అని భయంగా అడిగాను. "తీసేయొచ్చు, అందుకేగా ఈ జెల్ వాడేది" అన్నారు. తేనెటీగలూ కందిరీగలూ కుట్టినప్పుడు ఎప్పుడైనా ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయా అని అడిగారు. ఆ విషంలో కూడా ఇలాంటి ఎంజైమే ఉంటుంది కాబట్టి అలర్జీ ఉన్నవాళ్ళతో జాగ్రత్త పడాలట. ముంజేతి మీద చిన్న చుక్క వేసి పరీక్షించి, కాసేపు ఆగి, కళ్ళ కింద వేశారు. బాగా మండింది. ఆ సాయంత్రం వాపు చూసి బస్సులో టెన్షన్ పడుతూనే ఇంటికొచ్చాను. మర్నాటికి నీలం చాలావరకు పోయింది, ఆ మర్నాటికి పూర్తిగా పోయింది. వేలితో తడిమితే జెల్ చేతికి తగల్లేదు. మన శరీరంలోనే ఉండే ఎంజైమ్, జెల్‌లోని హైలురోనిక్ యాసిడ్ గొలుసుల్ని ఎక్కడికక్కడ తెంచేసింది. నా పాత సంచులు నాకు తిరిగొచ్చాయి. వాటిని చూసి ఆ పూట ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఇది ఒక్క అందానికి సంబంధించిన సంగతి కాదు. అరుదుగానైనా ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్తే చర్మం తెల్లబడి, విపరీతమైన నొప్పి వచ్చి, చర్మం చచ్చిపోవచ్చు. చూపు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా వేయాల్సిన మందు ఈ హైలురోనిడేజే. అందుకే ఫిల్లర్‌కి వెళ్ళేవాళ్ళు ధర అడిగే ముందు, "హైలురోనిడేజ్ ఇప్పుడు మీ దగ్గర ఉందా?" అని అడగండి. తడబడితే లేచి వచ్చేయండి.

అయితే దీనికీ హద్దులున్నాయి. హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్లని మాత్రమే ఇది కరిగిస్తుంది. కాల్షియం హైడ్రాక్సీ అపటైట్ అనే ఇంకో రకం ఫిల్లర్‌నీ, మన ఒంటి కొవ్వే తీసి ఎక్కించినదాన్నీ ఏమీ చేయలేదు. నాకైతే కరిగాక కళ్ళ కింద చర్మం కొంచెం వదులైనట్టనిపించింది. కొన్నాళ్ళకి చాలావరకు సర్దుకుంది, పూర్తిగా కాదు.

చివరికి సంక్రాంతి సెలవుల్లో కింది రెప్పల ఆపరేషన్ చేయించుకున్నాను. చలికాలం, చెమట ఉండదు, ఎండ దెబ్బ ఉండదు. రెప్ప లోపలి వైపు నుంచి చేశారు కాబట్టి బయట గాటు లేదు, కుట్లు లేవు. కొవ్వు తీసేస్తే మళ్ళీ రాదనీ, ఎక్కువ తీస్తే కళ్ళు గుంటలు పడతాయనీ, కొద్దిగానే తీసి మిగతాది ఆ గాడిలోకే సర్దారు. పండక్కి వచ్చిన చుట్టాల ముందు కమిలిన కళ్ళతో తిరిగాను. రెండు వారాలకి కమిలింది పోయింది, సన్నటి వాపు మాత్రం కొన్ని నెలలు పట్టింది. ఫ్యాన్ కింద కూర్చుంటే కళ్ళు పొడిబారి చాలాకాలం చుక్కల మందు వేసుకున్నాను. ఇప్పుడు స్టాఫ్ రూమ్‌లో నా నిద్ర గురించి ఎవరూ అడగడం లేదు. సంచుల వరకైతే ఆపరేషన్‌కి సాటి లేదు. కానీ దీన్ని కరిగించే ఇంజెక్షన్ లేదు కాబట్టి, అద్దం ఇచ్చి చూపించిన ఆ డాక్టరు కాకపోతే నేను ఒప్పుకునేదాన్ని కాదేమో.

దవడ కింద జారినదానికి హైఫూ, అంటే అల్ట్రాసౌండ్ వేడితో బిగించే పద్ధతి, ఒకసారి చేయించాను, నాకు పెద్దగా తేడా కనిపించలేదు. లేజర్, పీల్ (రసాయనంతో పైచర్మాన్ని ఊడదీసే పద్ధతి) జోలికి వెళ్ళలేదు. మన చామనఛాయకి, మన ఎండలకి మచ్చలు మిగిలే అవకాశం ఎక్కువన్నారు. మా పెద్దమ్మ కూతురు హైదరాబాదులో ఫేస్‌లిఫ్ట్ చేయించుకుంది. చర్మాన్ని లాగడం ఒక్కటే కాదు, కింద ముఖ కండరాలని కప్పి ఉండే స్మాస్ అనే పొరని కూడా బిగిస్తారు, చెవుల ముందు వెనక గాట్లుంటాయి. అక్కకి బాగా కుదిరింది. నాకు బీపీ ఉంది, బీపీ ఉన్నవాళ్ళకి ఆ ఆపరేషన్‌లో చర్మం కింద రక్తం చేరే ప్రమాదం ఎక్కువ.

కాబట్టి నా మాట నా పరిస్థితికే. ముప్ఫైల్లో ఉండి, కళ్ళ కింద గుంట మాత్రమే ఉన్నవాళ్ళకి ఫిల్లర్ బాగా సరిపోవచ్చు. నాలాగా వంశపారంపర్యంగా సంచులుంటే, సెలవులూ డబ్బూ వీలైతే, సర్జన్‌ని కూడా ఒకసారి కలవండి. ఇన్సూరెన్స్ రాదు, పైగా జీఎస్టీ వేస్తారు, అది లెక్కలో పెట్టుకోండి. డాక్టరు పేరు పక్కన ఎండీ డీవీఎల్ (చర్మవ్యాధుల పీజీ) గానీ, ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ గానీ ఉందో లేదో చూడండి. కనుబొమల మధ్య బొటాక్స్ ఇప్పటికీ వేయించుకుంటున్నాను, నుదుటికి మాత్రం వద్దంటాను. దవడ సంగతి రిటైరయ్యాక, బీపీ ఎలా ఉందో చూసుకుని ఆలోచిస్తాను.