నాలుగేళ్లుగా ఇంట్లో హెర్బ్ బటర్ స్టేక్ చేస్తున్నాను, నా అనుభవం ఇది

ముందే చెప్పేస్తాను, మందపాటి బీఫ్ ముక్కని, అంటే స్టేక్‌ని, పెనం మీద కాల్చి చివర్లో వెల్లుల్లి, సువాసన ఆకులు వేసిన వెన్నని గరిటెతో దాని మీద పోసే ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. నాలుగేళ్లుగా నెలకు రెండుసార్లైనా చేస్తున్నాను, అదే 12 అంగుళాల క్యాస్ట్ ఐరన్ (పోత ఇనుము) పెనం మీద, ఎక్కువసార్లు పక్కటెముకల దగ్గర కోసే రిబ్‌ఐ ముక్కతోనే. పేరు వింటే బీఫ్‌ని వెన్నలో వేయించడం అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను, మొదటి ఏడాది అందుకే దెబ్బతిన్నాను. నిజానికి ముక్క వేగేది కాలిన పెనం మీద, కాస్త నూనెలో. వెన్న పని చివరి రెండు నిమిషాలే. ఈ ఒక్క మాట మొదట్లోనే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే చాలా మంచి ముక్కలు పాడవకుండా ఉండేవి.

ఎందుకంటే వెన్నలో దాదాపు 80 శాతం కొవ్వు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్లు, కొద్దిగా పాల పదార్థం. ఆ పాల పదార్థం 150 డిగ్రీల దగ్గర గోధుమ రంగుకి వచ్చి మంచి వాసన ఇస్తుంది, ఇంకా వేడెక్కితే నల్లబడి చేదెక్కుతుంది. స్టేక్‌కి కావలసినంత కాలిన పెనమేమో 230 డిగ్రీల పైనే ఉంటుంది. నేను మొదటిసారి వెన్న ముందే వేసేశాను, అర నిమిషంలో పెనమంతా నల్ల చుక్కలు, వంటిల్లంతా పొగ, ముక్క బయట మాడింది, లోపల చల్లగానే ఉంది. ఇప్పుడు మొదలుపెట్టేది ఎక్కువ వేడి తట్టుకునే మామూలు రిఫైన్డ్ నూనెతోనే. కొందరు పాల పదార్థం తీసేసిన నెయ్యితో మొదలుపెడతారు, అదీ మాడదు, బాగానే వస్తుంది.

పెనం కంటే, వెన్న కంటే ముందు చూసుకోవాల్సింది తడి. నా వంటలో అతి పెద్ద తేడా తెచ్చింది ఇదే, దీనికి పైసా ఖర్చు కూడా లేదు. ముక్క పైన నీళ్లుంటే ముందు ఆ నీళ్లు ఆవిరి కావాలి, అప్పటిదాకా పైభాగం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎర్రటి పొర రావాలంటే 140 దాటాలి. అంటే మీరు స్టేక్ కాలుస్తున్నాననుకుంటారు, అది మాత్రం బూడిద రంగులో ఉడుకుతూ ఉంటుంది. అందుకే నేను ముందు రోజు రాత్రే ఉప్పు పట్టించి, మూత పెట్టకుండా, జాలీ మీద ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. కిలోకి పది గ్రాములు, ఎక్కువ తక్కువ లేకుండా. ఉప్పు వేయగానే నీళ్లు బయటికొస్తాయి, తర్వాత ఆ ఉప్పునీళ్లు మెల్లగా లోపలికి ఇంకుతాయి, పొద్దునకి పైభాగం ముట్టుకుంటే చేతికి తడి అంటదు. అంత టైమ్ లేకపోతే కనీసం నలభై నిమిషాలు, అదీ కుదరకపోతే పెనంలో వేసే క్షణంలో ఉప్పు. మధ్యలో, అంటే పది పదిహేను నిమిషాల ముందు వేస్తే నీళ్లన్నీ పైనే నిలుస్తాయి, అంతకంటే చెడ్డ సమయం లేదు.

ముక్క మందం విషయంలో అసలు రాజీపడొద్దు. ఒకటిన్నర అంగుళం, కనీసం ఒకటింబావు. సన్నటి ముక్కలతో ఈ పద్ధతి పనికిరాదు, పైన రంగు వచ్చేలోపే లోపల పూర్తిగా ఉడికిపోతుంది, ఇక గరిటెతో వెన్న పోసే టైమే ఉండదు. రిబ్‌ఐలో కొవ్వు సన్నటి గీతల్లా మాంసమంతా అల్లుకుని ఉంటుంది, రెండు డిగ్రీలు ఎక్కువైనా క్షమిస్తుంది. నడుం భాగం నుంచి కోసే స్ట్రిప్ కూడా చాలా బాగుంటుంది, దాని అంచు కొవ్వుని పటకారుతో నిలబెట్టి ఒక నిమిషం కరిగించాలి. నడుం లోపలి కండ అయిన ఫిలే మెత్తగా ఉంటుంది కానీ సొంత రుచి తక్కువ, దానికి ఈ వెన్న నిజంగా అవసరం.

పెనం గురించి. క్యాస్ట్ ఐరన్ వేడిని బాగా దాచుకుంటుంది, అదే దాని గొప్పతనం, చల్లటి మాంసం పడినా వేడి ఒక్కసారిగా పడిపోదు. కానీ వేడిని పక్కలకి పంచడంలో అది చాలా నెమ్మది, మంట ఉన్నచోట కాలిపోతూ అంచుల్లో వెచ్చగానే ఉంటుంది, అందుకే మధ్యస్థం మంట మీద ఎనిమిది పది నిమిషాలు ఓపిగ్గా కాలనివ్వాలి. హడావిడిగా పెద్ద మంట మీద మూడు నిమిషాలు కాల్చి ముక్క వేస్తే మధ్యలో నలుపు, అంచుల్లో తెలుపు. బరువు నిజంగానే ఇబ్బంది. నా పెనం మూడున్నర కిలోల పైనే ఉంటుంది, ఒంటిచేత్తో వంచి పట్టుకోవాలంటే మణికట్టు లాగుతుంది. మణికట్టు నొప్పులున్నవాళ్లు దళసరి అడుగున్న స్టీల్ పెనం తీసుకోండి, ఈ పనికి అదీ సరిపోతుంది.

ముక్క వేశాక ఒక్కసారే తిప్పాలి అనే నియమాన్ని నేను రెండేళ్లు పాటించాను, ఇప్పుడు పూర్తిగా వదిలేశాను. ముప్పై నలభై సెకన్లకోసారి తిప్పుతుంటే రెండువైపులా వేడి సమానంగా ఎక్కుతుంది, అంచుల్లో ఎక్కువ ఉడికిన ఆ బూడిద రంగు పట్టీ సన్నబడుతుంది, పొర కూడా ఏమీ తగ్గదు. అలాగే, ముందు గట్టిగా కాల్చితే రసం లోపలే ఉండిపోతుందనే మాట. 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలో పెట్టిన ఆలోచన అది, నిజం కాదు. ఎర్రగా పొర కట్టిన ముక్క కూడా పెనంలో సుర్రుమంటూనే ఉంటుంది కదా, ఆ శబ్దం బయటికొస్తున్న నీళ్లదే. కాల్చేది రుచి కోసం, రసం కోసం కాదు.

ఇక వెన్న. థర్మామీటర్ ముక్క లోపల 43 డిగ్రీలు చూపించగానే మంట బాగా తగ్గించి, ఎక్కువైన నూనె వంపేసి, అర నిమిషం ఆగుతాను. తర్వాత 40 గ్రాముల ఉప్పులేని వెన్న, తొక్కతోనే చితక్కొట్టిన మూడు వెల్లుల్లి రెబ్బలు, నాలుగైదు థైమ్ రెమ్మలు, ఒక్క రోజ్‌మేరీ రెమ్మ. రోజ్‌మేరీ రెండైతే వేరే రుచేదీ మిగలదు. ఆకులు పూర్తిగా పొడిగా ఉండాలి, కడిగి అలాగే వేస్తే నూనె మొహం మీదకి చిమ్ముతుంది. మొదట పెద్ద పెద్ద బుడగలతో తెల్లటి నురగ లేస్తుంది, వెన్నలో నీళ్లు పోతున్నాయన్నమాట, థైమ్ చిటపటమంటుంది. ఓ ఇరవై సెకన్లకి బుడగలు చిన్నవవుతాయి, శబ్దం తగ్గుతుంది, నురగ లేత గోధుమ రంగుకి తిరిగి వేయించిన గింజల వాసన వస్తుంది. సరిగ్గా అప్పుడు పెనాన్ని ఒక పక్కకి వంచి, గుంటలో చేరిన వెన్నని పొడవాటి కాడ ఉన్న గరిటెతో తీసి ముక్క మీద పోస్తూ ఉంటాను, ఆగకుండా, ముఖ్యంగా ఎముక పక్కన, రంగు తక్కువున్న చోట్ల. ఒక నిమిషం, తిప్పి ఇంకో నిమిషం. ఆకులు ముక్క మీదే ఉంచి వాటి మీదుగా పోస్తే వాసన ఇంకా బాగా పడుతుంది. మొదట్లో మామూలు చెంచాతో పోసి వేళ్లు కాల్చుకున్నాను, పొడవాటి గరిటె, మందపాటి చేతి గుడ్డ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. నురగ పూర్తిగా ఆగిపోయి వెన్న నల్లబడటం మొదలైతే వెంటనే ఇంకో చిన్న ముక్క చల్లటి వెన్న వేయండి, వేడి దిగుతుంది.

థర్మామీటర్ లేకుండా చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. వేలితో నొక్కి చెప్పే విద్య రోజూ వందల ముక్కలు కాల్చేవాళ్లకి వస్తుంది, నెలకు రెండు చేసే మనకి రాదు. అయితే కొన్నదాన్ని నమ్మేముందు ఐస్ ముక్కలు నిండిన నీళ్లలో ముంచి చూడండి, సున్నా చూపించాలి. నా మొదటిది 4 చూపించేది, ఆ సంగతి తెలిసేదాకా ముక్కలు నేను కోరుకున్నదానికంటే పచ్చిగా ఎందుకొస్తున్నాయో అర్థంకాక కొన్ని నెలలు టెన్షన్ పడ్డాను. ఇప్పుడు 51 దగ్గర దించేస్తాను, పక్కన పెట్టాక మరో మూడు నాలుగు డిగ్రీలు దానంతటదే పెరిగి 55 దగ్గర ఆగుతుంది, మీడియం రేర్, అంటే లోపల ఇంకా గులాబీ ఎరుపులో ఉండే ఉడుకు, అదే. కోసినప్పుడు కారే ఎర్రటి నీళ్లు రక్తం కాదు, మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కలిసిన నీళ్లు. కానీ ఒక విషయం సీరియస్‌గా తీసుకోండి. అమెరికా వ్యవసాయ శాఖ స్టేక్‌కి చెప్పే సురక్షిత వేడి 63 డిగ్రీలు, దించాక కోసేముందు 3 నిమిషాల విరామం. గర్భిణులకి, పెద్దవాళ్లకి, చిన్నపిల్లలకి నేను ఆ లెక్కకంటే తక్కువ వేడి దగ్గర దించను. మెషీన్‌తో సూదులు గుచ్చి మెత్తబరిచిన మాంసమైతే ఎవరికైనా సరే పచ్చిగా వద్దు, పైనుండే బ్యాక్టీరియా లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.

నచ్చనివీ ఉన్నాయి. పొగ తప్పదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎంత తిరిగినా వాసన మర్నాటిదాకా ఉంటుంది, స్టవ్ చుట్టూ జిడ్డు తుడవడానికి వంటకి పట్టినంత టైమ్ పడుతుంది. పెనంలో మిగిలిన వెన్నలోకే నిమ్మరసం పిండాలనిపిస్తుంది, క్యాస్ట్ ఐరన్‌లో పిండకండి, పులుపుకి ఏళ్లుగా పట్టిన నూనె పొర ఊడుతుంది. వెన్నని గిన్నెలోకి వంపుకుని అప్పుడు పిండండి. పెనాన్ని వేడి నీళ్లతో కడిగి, స్టవ్ మీదే ఆరబెట్టి, పలచగా నూనె రాస్తే నాలుగేళ్ల తర్వాత కూడా కొన్ననాటికంటే నున్నగా ఉంది.

అన్నిటికంటే పెద్ద పరిమితి, ఇది ఇద్దరికి మించి పనికొచ్చే పద్ధతి కాదు. పెనంలో రెండు ముక్కలు పెడితేనే వెన్న తీయడానికి చోటు కరువు. నలుగురు తినేవాళ్లున్నప్పుడు ముక్కల్ని 110 డిగ్రీల ఓవెన్‌లో లోపల 46 వచ్చేదాకా మెల్లగా వేడిచేసి, వరుసగా ఒక్కో నిమిషం పెనంలో రెండువైపులా కాల్చి, పార్స్లీ (కొత్తిమీర లాంటి ఆకు), వెల్లుల్లి కలిపి ముందే చుట్టి గడ్డకట్టించిన వెన్న బిళ్ల ఒకటి వేడివేడి ముక్క మీద పెట్టేస్తాను. అందరికీ ఒకేసారి అందుతుంది, లోపల ఇంకా సమానంగా ఉడుకుతుంది, అతిథులు ఎప్పుడూ మెచ్చుకున్నారు. కానీ అందులో ఆ గోధుమ రంగు నురగ లేదు, థైమ్ వేగిన వాసన లేదు. అందుకే ఇద్దరమే ఉన్న రోజు ఓవెన్ జోలికి వెళ్లను.